పత్తి పండిన ఏడు మోగిన మైకు

చిలకలూరిపేట చుట్టుపక్కల మైకు సెట్టు వ్యాపారం ఎప్పుడు బాగుపడిందో, ఎప్పుడు చితికిందో తెలుసుకోవాలంటే ముందు పత్తి, పొగాకు, మిరప ధరలు అడగాలి. కొత్త సినిమాలు, ఎన్నికలు, కొత్త యంత్రాలు ఆ తర్వాతి సంగతి. మా నాన్న రాసిన బాడుగ పుస్తకాలు ఇప్పటికీ నా దగ్గరున్నాయి. పొడుగాటి ఎర్ర అట్ట పుస్తకాలు. ఒక్కో వరసలో తేదీ, ఊరు, ఎవరింట్లో ఏ కార్యం, ఎన్ని గొట్టాలు (లౌడ్‌స్పీకర్లు), బయానా ఎంత, బాకీ ఎంత. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ నాగార్జునసాగర్ కాలవలకు నీళ్ళు వదిలారు. ఆ తర్వాతి పుస్తకాలు తిరగేస్తే కుడికాలవ కింద ఏ ఊరికి ముందు నీళ్ళు చేరాయో బాడుగలను బట్టే చెప్పొచ్చు. అంతకుముందు శ్రీరామనవమికి తప్ప మైకు పిలవని ఊళ్ళు పెళ్ళికీ, ఓణీలకీ, గృహప్రవేశానికీ పిలవడం మొదలుపెట్టాయి. 1987–88లో తెల్లదోమ పత్తిని ఊడ్చేసింది. ఆ ఏడు పుస్తకంలో చాలా కాగితాలు ఖాళీగా ఉన్నాయి. పెళ్ళిళ్ళు వాయిదా పడ్డాయి. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి రైతులు ప్రాణాలు తీసుకున్నారు. అంతకుముందు రాసి ఉన్న బాకీల్లో కొన్నిటి మీద నాన్న అడ్డంగా గీత పెట్టాడు. అడగడానికి వెళ్ళలేదు, నన్నూ పంపలేదు.

మా వ్యాపారం పుట్టుక పెళ్ళిళ్ళలో లేదు, సభల్లో ఉంది. గాంధీ, నెహ్రూల పాత ఫోటోలు చూడండి. ముందున్న మైకు మీద ‘షికాగో రేడియో’ అనే పలక కనిపిస్తుంది. పేరు అమెరికా ఊరిదైనా కంపెనీ మనదే, మోత్వానే కుటుంబానిది. 1931 కరాచీ కాంగ్రెసు నాటికే వాళ్ళ లౌడ్‌స్పీకర్లు మహాసభలకు పనిచేశాయి. ఒక మనిషి గొంతు ఒకేసారి వేలమందికి అందడం అనేది ఈ దేశంలో అలా అలవాటైంది. స్వాతంత్ర్యం వచ్చాక, పల్లెలకు కరెంటు పాకే కొద్దీ ఆ గొట్టం రాములవారి పందిట్లోకీ పెళ్ళివారి అరుగు మీదకీ వచ్చింది. ఢిల్లీలో 1940లో మొదలైన అహూజా కంపెనీ ఆంప్లిఫయర్లూ యూనిట్లూ మా తరానికి ఇంటి పేర్లలాగా తెలుసు.

నాన్న మొదలుపెట్టినప్పటి సామాను చాలా తక్కువ. ఒక వాల్వుల ఆంప్లిఫయరు, రెండు గొట్టాలు, ఒక మైకు, కీ ఇచ్చి తిప్పే గ్రామఫోను, ఒక రేకుపెట్టెలో లక్క రికార్డులు. నిమిషానికి 78 చుట్లు తిరిగే రికార్డు ఒక వైపు మూడు నిమిషాల పైచిలుకు పాడుతుంది, అంతే. పాట కాగానే ముల్లు ఎత్తాలి, రికార్డు తిప్పాలి, ముల్లు మార్చాలి, కీ ఇవ్వాలి. అరిగిన ముల్లుతో వాయిస్తే రికార్డు గాడి చెడిపోతుంది. అందుకని రాత్రంతా పెట్టె పక్కనే ఒక కుర్రాడు కూర్చోవలసిందే. ఆ కుర్రాడి పని నేనూ చేశాను. వాల్వులు వేడెక్కేదాకా శబ్దం వచ్చేది కాదు. ఆ కాస్సేపు పందిట్లో పిల్లలందరూ పెట్టె చుట్టూ మూగి, లోపల ఎర్రగా వెలిగే తీగను చూస్తుండేవాళ్ళు.

బాడుగ రాత్రికి ఇంత అని ఉండేది కాదు, గొట్టానికి ఇంత అని ఉండేది. నాలుగు గొట్టాలు కట్టారంటే ఆ ఇంట్లో నాలుగు గొట్టాల పెళ్ళి అని చుట్టుపక్కల చెప్పుకునేవాళ్ళు. గొట్టం ఎక్కడ కట్టాలన్నది నాన్న ఎవరినీ అడిగేవాడు కాదు. ఊళ్ళోకి దిగగానే గాలి వాలు చూసేవాడు. చింతచెట్టా, తాడిచెట్టా, మేడ పిట్టగోడా అని చూసుకొని, ఒక గొట్టం ఊరివైపు, ఒకటి పక్క ఊరివైపు తిప్పేవాడు. ‘మన ఊళ్ళో పెళ్ళి సంగతి మనోళ్ళకి తెలుసు, పక్క ఊరోళ్ళకి తెలియాలయ్యా’ అనేవాళ్ళు పెళ్ళివారు. గొట్టం వెనక మరతో బిగించే యూనిట్టే అసలు ఖరీదైన వస్తువు. లోపల పల్చటి పొర, దానికంటుకున్న సన్నటి తీగచుట్ట. ఆంప్లిఫయరు నాబు అత్యాశగా తిప్పినా, ఓములు కలవకపోయినా అది కాలిపోతుంది. కాలిన యూనిట్టు వాసన ఒక్కసారి పీల్చినవాడు మరిచిపోడు. వానలో తడిసిన గొట్టం దించాక యూనిట్టు విప్పి, పాత బనీను గుడ్డతో తుడిచి, ఎండలో పెట్టకుండా నీడన ఆరబెట్టడం నాన్న నాకు నేర్పిన మొదటి పని. అలా చూసుకున్న యూనిట్లు నాన్న తర్వాత కూడా మోగాయి.

నాటకాల సంగతి కొంచెం నెమ్మదిగా చెప్పాలి. నాకు తెలిసి మైకాపరేటరు పనితనం బయటపడేది అక్కడే. పల్నాడులోనూ ఒంగోలు వైపూ రాయబారం, హరిశ్చంద్ర, చింతామణి నాటకాలకు జనం తెల్లవార్లూ కూర్చునేవాళ్ళు. మైకులు రాకముందు పై శ్రుతిలో, చివరి వరస దాకా వినబడేలా పాడగలిగినవాడే కృష్ణుడు వేషానికి పనికొచ్చేవాడు. మైకు వచ్చాక సన్నగా, నెమ్మదిగా, సంగతులు వేసి పాడేవాళ్ళకు కూడా చప్పట్లు దక్కాయి. ఆ మార్పులో మా చేయి ఉందని నేను గట్టిగా నమ్ముతాను. స్టేజీ పైనుంచి తాళ్ళతో మైకులు వేలాడదీసేవాళ్ళం. నటుడి కిరీటానికి తగలకూడదు, గొంతుకు దూరం కాకూడదు. గొట్టాలు మైకుల కంటే ముందుకు, జనం వైపు ఉండాలి. కొంచెం వెనక్కి తిరిగినా మైకు కూత పెడుతుంది. హార్మోనిస్టు మైకుకు దగ్గరగా కూర్చుంటే పద్యం మునిగిపోతుంది, దూరమైతే నటుడికి శ్రుతి అందదు. పద్యం మొదట్లో నాబు పెంచి, చివర రాగం ఎత్తుకోగానే తగ్గించాలి. అందుకు పద్యం రావాలి. నాన్న బడికి పెద్దగా వెళ్ళలేదు. అయినా రాయబారం పద్యాలు ఎక్కడ ఏ మాట దగ్గర ఎగుస్తాయో ఆయన వేళ్ళకు తెలుసు. ‘వన్స్ మోర్’ అని జనం కేకలేస్తే నటుడు ముందు మా వైపు చూసేవాడు. నాన్న తలూపితేనే మళ్ళీ ఎత్తుకునేవాడు.

మహాశివరాత్రి కోటప్పకొండ తిరణాళ్ళు మా ఏడాదికంతటికీ పెద్ద పరీక్ష. పురుషోత్తమపట్నం, కావూరు, మద్దిరాల లాంటి ఊళ్ళ నుంచి ప్రభలు కట్టుకొని కొండకు తీసుకెళతారు. వెదుళ్ళతో ఎనభై, తొంభై అడుగుల ఎత్తున లేపే చట్రం అది. ఒకప్పుడు రంగుగుడ్డలూ కాగితాలే అలంకారం, లాగేది ఎద్దులు. కరెంటు దీపాలొచ్చాక అది విద్యుత్ ప్రభ అయింది, వెనక ట్రాక్టరు ట్రక్కులో జనరేటరు చేరింది. దీపాలు పరుగెత్తాలంటే ఇప్పుడు గోరంత చిప్పు చాలు. అప్పుడు మేమే రోలర్లు చేసుకునేవాళ్ళం. చెక్క రోలరు మీద రాగిరేకులు వరసలుగా అంటించి, దాన్ని చిన్న మోటారుతో తిప్పితే, పైన ఆనించిన ఇత్తడి పలకలకు రేకు తగిలిన వరస వెలుగుతుంది, తప్పుకున్న వరస ఆరుతుంది. రేకు కత్తిరించిన తీరును బట్టి పైన నెమలి పురి విప్పుతుంది, లేదా చక్రం తిరుగుతుంది. తగిలినప్పుడల్లా నిప్పురవ్వలు లేచి రేకు మసి పడుతుంది. ఉప్పుకాగితం పెట్టుకొని ఒక మనిషి రోలరు దగ్గరే ఉండాలి. దారిలో కరెంటు తీగలు అడ్డొస్తాయి కనుక ప్రభ వెళ్ళే వేళకు లైన్లు ఆపేస్తారు. అంతా చీకటి, ప్రభ ఒక్కటే వెలుగు. కొండ కింద ఒక ప్రభ ముందు పాట మొదలైతే పక్క ప్రభ వాళ్ళు గొట్టాలు పెంచమంటారు. ఊరూ ఊరూ పోటీ. జనరేటరు డీజిలు దగ్గర్నుంచి మనుషుల తిండి దాకా లెక్కేస్తే ప్రభ మీద మిగిలేది కొంచెమే. అయినా నాన్న ఏ ఏడూ మానలేదు. ప్రభకు వెలుగు ఆరకుండా నడిపినవాడిని ఆ ఊరు మళ్ళీ శివరాత్రి దాకా వచ్చే పెళ్ళిళ్ళన్నిటికీ పిలిచేది.

మొదటి పెద్ద దెబ్బ క్యాసెట్టుతో వచ్చింది. రికార్డులు కొనడానికి పెట్టుబడి కావాలి, దాచడానికి చోటు కావాలి, అందుకే చిలకలూరిపేటలో మైకు సెట్లు కొద్దిమందికే ఉండేవి. నాన్న దగ్గరున్న రికార్డుల పెట్టెలే ఆయనకు అడ్డుగోడ. క్యాసెట్టు ఆ గోడను పడగొట్టింది. వీధి చివర రికార్డింగు షాపులో చీటీ మీద పాటలు రాసిస్తే తొంభై నిమిషాల క్యాసెట్టులో నింపిచ్చేవాళ్ళు. ముత్యాలముగ్గు, దానవీరశూరకర్ణ మాటలు అప్పచెప్పని కుర్రాడు లేని రోజులవి. చిన్న ట్రాన్సిస్టరు ఆంప్లిఫయరూ టేప్‌రికార్డరూ కొన్న ప్రతివాడూ ‘సౌండ్స్’ అని బోర్డు పెట్టాడు. గొట్టం బాడుగ పడిపోయింది. నాన్న పోటీకి దిగి రేటు తగ్గించలేదు. పాటలు వేసే బాడుగలు వాళ్ళకే వదిలేసి, మనిషి దగ్గరుండి నడపవలసిన పనులు పట్టుకున్నాడు. నాటకాలు, హరికథలు, సభలు, సంతర్పణలు. క్యాసెట్టు వేసి ఇంటికి పోయేవాడు ఆ పనులు చెయ్యలేడు.

సభలు ఆ సమయానికే బాగా పెరిగాయి. 1982 మార్చి 29న ఎన్.టి. రామారావుగారు తెలుగుదేశం పెట్టి చైతన్యరథం ఎక్కారు. ఆ పాత షెవర్లే వ్యానుకు బిగించిన మైకుల్లోంచి ఆయన గొంతు రోడ్డు పక్క పొలాల్లోకి కూడా వెళ్ళింది. 1983 జనవరి ఎన్నికల దాకా మా ఊళ్ళో ఖాళీగా ఉన్న గొట్టం లేదు. జీపుకు రెండు, రిక్షాకు ఒకటి, పార్టీ ఆఫీసు మీద నాలుగు. అన్ని పార్టీలకూ మేమే. ఎన్నికల బాడుగలో చిక్కేమిటంటే ఓడినవాడి దగ్గర డబ్బు వసూలు కాదు. నాన్న రోజువారీగా, సాయంత్రం సామాను దించకముందే తీసుకునేవాడు. తర్వాత శేషన్ ఎన్నికల కమిషనరుగా వచ్చాక రాత్రి పది దాటితే మైకు ఆపాల్సిందేనని పట్టుబట్టారు, ప్రతి వాహనానికీ లెక్క అడిగారు. మా రాబడి తగ్గింది నిజమే. కానీ మైకుకు ఒక వేళంటూ ఉండాలని నాకు ముందునుంచీ ఉంది. పరీక్షల కాలంలో గొట్టం కింద కూర్చొని చదువుకున్న పిల్లల్లో నేనూ ఒకణ్ణి.

1982 ఢిల్లీ ఏషియాడ్‌తో రంగుల టీవీ వచ్చింది, వెనకే వీసీఆరు. ఒక టీవీ, ఒక వీసీఆరు, మూడు సినిమా క్యాసెట్లు కలిపి రాత్రికి బాడుగ. పెళ్ళింట్లో విడిదిలో ఆడించేవాళ్ళం, రచ్చబండ దగ్గర ఊరంతా చందా వేసుకొని ఆడించుకునేవాళ్ళు. ఆ బాడుగకు చిక్కులూ ఉండేవి. దొంగ క్యాసెట్ల మీద 1984లో కాపీరైటు చట్టానికి పదును పెట్టారు. వానాకాలం టేపుకు బూజు పట్టేది, హెడ్డుకు మసి చేరి బొమ్మ మీద గీతలు పడేవి. పేటలో చాలామంది వడ్డీకి తెచ్చి రెండేసి, మూడేసి వీసీఆర్లు కొన్నారు. మా నాన్న ఒక్కటే కొన్నాడు. ‘ఇది ఇంటింటికీ వచ్చే వస్తువురా అబ్బాయ్. వచ్చేలోపు మన డబ్బు మనకు రావాలి’ అన్నాడు. 1987 జనవరిలో దూరదర్శన్‌లో రామాయణం మొదలయ్యాక ఊళ్ళలో టీవీలు కొనడం ఎక్కువైంది. 1990ల్లో డిష్షు పెట్టి కేబులు లాగారు. 1995లో జెమిని, ఈటీవీ వచ్చాయి. రోజూ ఇంట్లోనే సినిమా వస్తుంటే వీసీఆరు బాడుగకు తీసుకునేదెవరు? అప్పు చేసి కొన్నవాళ్ళ వీసీఆర్లు షాపుల్లోనే దుమ్ముకొట్టుకుపోయాయి. మాది అప్పటికే అమ్మేశాం.

మైకు సెట్టు వ్యాపారంలో డబ్బు ఎక్కడుందని కొత్తగా దిగే కుర్రాళ్ళు నన్ను అడుగుతుంటారు. యంత్రం ఊళ్ళోకి రావడానికీ ఇంటింటికీ చేరడానికీ మధ్యనున్న గడువులో ఉంది. రికార్డుకు ఆ గడువు చాలా ఎక్కువ, క్యాసెట్టుకు తక్కువ, వీసీఆరుకు మరీ తక్కువ. పెళ్ళి వీడియో కెమెరాకు మాత్రం కొంచెం వేరు. కెమెరా ఇంటింటికీ వచ్చినా పెళ్ళి తీసేది ఇంట్లోవాళ్ళు కాదు, వాళ్ళకు ఆ రోజు వేరే పనులుంటాయి. భుజం మీద పెట్టుకొనే ప్యానసోనిక్ వీహెచ్ఎస్ కెమెరాలు, వెయ్యి వాట్ల హాలోజన్ లైటు, దాని వేడికి చెమటలు కక్కే పెళ్ళికూతురు. తర్వాత మినీ డీవీ, ఆ తర్వాత ఫోటోలు తీసే కెమెరాతోనే వీడియో. నేను ఆ పని తమ్ముడికి వదిలేశాను. నా చెవి శబ్దానికి అలవాటు పడింది.

డీజేల గురించి నా అభిప్రాయం మా యూనియన్లో చాలామందికి నచ్చదు. 2000 ఫిబ్రవరిలో వచ్చిన శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదు. రాత్రి పది నుంచి పొద్దున్న ఆరు దాకా మైకు ఉండకూడదు. 2005లో సుప్రీంకోర్టు దాన్ని గట్టిగా సమర్థించింది. అయినా లారీ నిండా బేస్ పెట్టెలు పేర్చి, కిటికీ అద్దాలు అదిరేలా ఊరేగింపులు తీశారు. 2024 అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేను నిషేధించాక, అప్పు చేసి బేస్ పెట్టెలు కొన్న కుర్రాళ్ళు నాకు కూడా ఫోన్లు చేసి ఆవేదన పడ్డారు. వాళ్ళ అప్పుల మీద నాకు జాలి ఉంది. కానీ గుండెజబ్బు మనిషి ఇంటి ముందు అంత మోత పెట్టడం మా విద్య కాదు. పాత గొట్టం కరకుగా ఉండేది, ఒప్పుకుంటాను. కానీ దాంట్లోంచి మాట అర్థమయ్యేది. బేస్ పెట్టె ముందు నిలబడితే చావుకబురు చెప్పినా వినపడదు.

ఎల్ఈడీ తెరల విషయంలో నేను నాన్న లెక్కే పాటిస్తున్నాను. చుక్కకూ చుక్కకూ మధ్య 3 మిల్లీమీటర్లు ఉంటే పి3 అంటారు. పి4 కొన్నవాడు వాయిదాలు కట్టడం పూర్తి కాకముందే పి3 వచ్చింది, బాడుగకు తీసుకునేవాళ్ళు కూడా నంబరు చెప్పి మరీ అడుగుతున్నారు. చదరపు అడుగు లెక్కన ఇచ్చే ఆ బాడుగ ఏటేటా పడిపోతోంది. లైవ్ పని మాత్రం పట్టుకున్నాను. 2020లో లాక్‌డౌన్ పెట్టి పెళ్ళికి యాభై మందికి మించకూడదన్నప్పుడు, డల్లాస్‌లో ఉన్న అక్కా, మెల్‌బోర్న్‌లో ఉన్న మేనమామా ఫోన్లోనే పెళ్ళి చూశారు. అది ఆ తర్వాత కూడా పోలేదు. పల్లెల్లో నెట్టు కోసం రెండు కంపెనీల సిమ్ములు పెట్టుకుంటాం. బొమ్మ కాసేపు ఆగినా ఎవరూ ఏమీ అనరు. మాంగల్యధారణప్పుడు పంతులుగారి మంత్రం వినబడకపోతే మాత్రం అమెరికా నుంచి వెంటనే ఫోనొస్తుంది. అందుకే పంతులుగారికి కాలరు మైకొకటి, పీటల మీదకు పైనుంచి ఒకటి. ఆ రెండోది ఎక్కడ వేలాడదీయాలో నాకు రాయబారం నాటకాలు నేర్పాయి.

బాడుగ పుస్తకాలు కూడితే తేలేది ఒకటుంది. మా ఇంటి బియ్యం, పిల్లల ఫీజులు నడిచింది పెద్ద పనుల మీద కాదు. ఎప్పుడో డబ్బులు వచ్చేసిన రెండు గొట్టాలు, ఒక ఆంప్లిఫయరు, వాటితో చేసిన చిన్న చిన్న బాడుగల మీద. బడిలో జెండా పండగ, పంచాయితీ వాళ్ళ చాటింపు ఆటో, కార్తీకంలో గుడి, చావింట్లో ఘంటసాల భగవద్గీత. 1974లో ఘంటసాల పోయారు. ఆ ఏడు వచ్చిన ఆ రికార్డు తెలుగువాళ్ళ చావింటికి గుర్తయిపోయింది. అర్ధరాత్రి తలుపు కొట్టినా నాన్న లేచి వెళ్ళి గొట్టం కట్టి వచ్చేవాడు. బయానా అడిగేవాడు కాదు. ఇప్పుడు వైకుంఠరథానికే స్పీకరూ పెన్‌డ్రైవూ ఉంటున్నాయి, ఆ బాడుగ దాదాపు పోయింది. గుడీ, బడీ, చాటింపూ మిగిలాయి.

పెద్ద సామాను అంతా ఒక్కడే కొనే రోజులు పోయాయి కనుక నరసరావుపేట, గుంటూరు, ఒంగోలు వాళ్ళతో కలిసి నడుపుకుంటున్నాం. తెర ఒకరిది, జనరేటరు ఒకరిది, మిక్సరూ మైకులూ నావి. సామానుతో పాటు దాని ఆపరేటరు వస్తాడు. బాడుగ మాట్లాడినవాడే పెళ్ళివారికి జవాబుదారీ. యూనిట్టు కాలితే ఎవరి ఆపరేటరు చేతిలో కాలిందో వాళ్ళదే ఖర్చు. మూఢం వచ్చినా, శూన్యమాసం వచ్చినా అందరి గోడౌన్లూ ఒకేసారి నిండుతాయి. మాఘమాసం ముహూర్తాలకు అన్నీ ఒకేసారి ఖాళీ అవుతాయి. అందుకే కార్తీకంలోనే ఒకరికొకరం ఫోన్లు చేసుకొని, ఏ తేదీకి ఎవరి సామాను ఎక్కడుండాలో పుస్తకంలో రాసుకుంటాం.